నడుమ ఉన్న అయాను

ఫిబ్రవరి 3

పక్షవాతం వచ్చిన నా భార్యను ఈరోజు ఆసుపత్రి నుంచి ఇంటికి తీసుకువచ్చాము. కుడి చేయి, కుడి కాలు ఇంకా స్వాధీనంలోకి రాలేదు. మాట పోయింది. 'పోయింది' అనడం కూడా పూర్తిగా సరికాదు, ఒక్కటి మిగిలింది. ఆకలిగా ఉందా అంటే "చెబుతాలే" అంటుంది. దిండు సర్దమంటావా అంటే "చెబుతాలే".

డాక్టరుగారు వివరించారు. మనిషి బతుకంతా ఎక్కువగా వాడిన మాట ఒక్కోసారి అలా నాలుకను అంటిపెట్టుకుని ఉండిపోతుందట. అందులో అర్థం వెతకవద్దనీ, దాన్ని జవాబుగా తీసుకోవద్దనీ అన్నారు. అమ్మాయీ నేనూ వరండాకు చెరొక కొసన నిలుచున్నందువల్ల పాపం ఆయన రెండుసార్లు చెప్పవలసి వచ్చింది.

ఇంటికి వెళ్లాక పాటించవలసిన సూచనల కాగితంలో 'జాగ్రత్త'కు వత్తు లేదు. దిద్ది కౌంటరులో తిరిగి ఇచ్చాను. అక్కడున్న పిల్ల నన్నూ కాగితాన్నీ మార్చి మార్చి చూసింది.

ఫిబ్రవరి 5

మంచం హాలులో వేయించాము. ఒక పక్క నా పడకకుర్చీ, రెండో పక్క అమ్మాయి కంప్యూటరు బల్ల. తను సెలవు పెట్టి ఇంటి నుంచే పని చేస్తోంది.

ఈ తండ్రీకూతుళ్లకు మాటలు లేవని పై అంతస్తు టైలరు వీధిలో అంటున్నట్టు తెలిసింది. అది అసత్యం. మాటలున్నాయి, నా భార్య గుండా నడుస్తాయి, అంతే. అమ్మాయి కళాశాలలో స్థిరమైన అధ్యాపక పదవిని వదులుకుని, ఉప్పులు కరిగించే ప్రయోగశాలలో చేరిననాడు నేనొక వాక్యం అన్నాను. తను బదులుగా ఒక వాక్యం అంది. రెండింటిలోనూ వ్యాకరణ దోషం లేదు కనుక ఎవరమూ సవరించుకోలేదు. ఆనాటి నుంచి "అమ్మాయితో చెప్పు" అని నేను, "నాన్నకి చెప్పమ్మా" అని తను. ఇద్దరికీ ఆమె ఇచ్చిన జవాబు ఒక్కటే. "చెబుతానులే" అనవలెనని పెళ్లయిన కొత్తలోనే సరిదిద్దాను. "అలాగే మాస్టారూ, చెబుతాలే" అని నవ్వింది.

నేను "బుద్ధి ఉందా అని అడుగు" అని పంపిన మాట, అటువైపు చేరేసరికి "నాన్న నీ కోసం తినకుండా కూర్చున్నారు" అయిందని ఒకసారి తెలిసింది. మాటను ఇంత స్వేచ్ఛగా మార్చడం తగదని మందలించాను. "మీ మాట ఉన్నదున్నట్టు మోస్తే నా చేతులు కాలతాయండీ" అంది.

ఫిబ్రవరి 8

అమ్మాయి కొన్ని కాగితాలు తెచ్చి వాళ్లమ్మ పాదాల దగ్గర పెట్టింది. "బడిపిల్లల పత్రికకి రాశానమ్మా. తెలుగు ఎవరైనా ఒకసారి చూస్తే బావుణ్ణు" అంది. ఈ ఇంట్లో తెలుగు చూడగలవారు ఎందరున్నారో అందరికీ తెలిసినదే. నా భార్య "చెబుతాలే" అంది. తను బల్ల దగ్గరకు వెళ్లాక కాగితాలు తీసుకున్నాను.

మొదటి పుటలోనే 'ధ్రువీకరణ' అని ఉంది. ధ్రువీకరణ అంటే గుమాస్తా ముద్ర వేసి సంతకం చేయడం. ఇక్కడ కావలసినది 'ధ్రువణం'. ఎర్రసిరాతో దిద్దాను. ఇన్ని చదువులు చదివి ఇదీ వరస.

ఫిబ్రవరి 10

విషయం నాకు కొత్త. ఉప్పును నీళ్లలో కాక నిప్పు మీద కరిగిస్తారట. కొలిమిలో ఎర్రబడిన గొట్టంలో అది నీళ్లలా కదులుతుందట. అందులో ఉండేవి అయాన్లు. కొన్నింటిది ధనావేశం, కొన్నింటిది రుణావేశం. విజాతివి దగ్గరవుతాయి, సజాతివి ఒకదాన్నొకటి తోసుకుంటాయి. ఇంతవరకు బాగున్నది.

వెనుకటివారు అయాన్లను గట్టి గోళీలుగా భావించి లెక్కలు కట్టారట. గోళీలు కావంటుంది అమ్మాయి. ఒక్కొక్కదాని చుట్టూ ఎలక్ట్రాన్ల మబ్బు ఉంటుంది. పక్కన ఏమున్నదన్న దాన్నిబట్టి ఆ మబ్బు వాలుతుంది, సాగుతుంది. ఆ వాలడమే ధ్రువణం. ఒకటి వాలితే పక్కది దానికి తగినట్టు వాలుతుంది. ఆ వాలు మళ్లీ మొదటిదాన్ని మారుస్తుంది. అందువల్ల కంప్యూటరు సైతం ఒక్క దఫాలో తేల్చలేక, అన్నీ కుదురుకునే వరకు తిరిగి తిరిగి లెక్కిస్తుందట.

"స్ఫటికంలో ప్రతి అయానునూ అన్ని వైపుల నుంచీ సమానంగా లాగుతారు. అందుకే దాని మబ్బు ఎటూ వాలదు. అది దాని నిబ్బరం కాదు" అని రాసింది. అయాన్లు మనుషులు కావు. 'లాగుతాయి' అని దిద్దాను. చివరి వాక్యం అనవసరం. కొట్టివేశాను.

ఫిబ్రవరి 12

వ్యాయామం చేయించే ఆమె వచ్చింది. నా భార్య ఎడమచేత్తో చెంచా పట్టుకుని తనంతట తాను తిన్నది. మంచి రోజు.

ఫిబ్రవరి 15

దిద్దిన పుటలు మంచం మీద ఉంచాను. అమ్మాయి తీసుకుని చదివి, మళ్లీ అక్కడే పెట్టి, కుర్చీ ఇటు తిప్పింది.

"అమ్మా, నిబ్బరం కాదన్న మాట ఎందుకు కొట్టేశారో కనుక్కో. అసలు విషయం అదే. చుట్టూ అందరూ సమంగా పట్టుకుని ఉంటే ఎవరైనా నిటారుగానే ఉంటారు. గుంపు చిన్నదై ఒకవైపు ఖాళీ అయితే అప్పుడు తెలుస్తుంది, ఎవరు ఎంత వాలతారో."

నేను దినపత్రిక నుంచి కళ్లెత్తలేదు. "అయాన్లకు నిబ్బరాలూ నీరసాలూ ఉండవని అమ్మాయితో చెప్పు. శాస్త్రంలో అలంకారాలు పనికిరావు" అన్నాను.

ఆమె అటు చూసి "చెబుతాలే" అంది. ఇటు చూసి "చెబుతాలే" అంది. మెడ తిప్పడానికి ఎంత శ్రమపడిందో దిండు మీది చెమట చెప్పింది. వ్యాయామానికి ఇది కూడా మంచిదే.

డాక్టరుగారి మాట ఇద్దరికీ గుర్తుంది. అయినా ఆ ఒక్క మాట చెవిన పడగానే పని జరిగిపోయినట్టే మనసు కుదుటపడుతుంది. అలవాటు.

ఫిబ్రవరి 19

అమ్మాయి వాళ్లమ్మను అద్దె కారులో పరీక్షకు తీసుకువెళ్లి సాయంత్రానికి తెచ్చింది. రక్తం గడ్డకట్టకుండా ఇస్తున్న మాత్ర పడటం లేదని మార్చారు. పాతది ఈరోజుతో ఆఖరు.

హాలులో తను వాళ్లమ్మతో కాసేపు మాట్లాడింది. నేను వంటింట్లో పాలు కాస్తున్నాను. నాతో అనని మాటలు వినడం నా పద్ధతి కాదు. "చెబుతాలే" అన్నది మాత్రం వినిపించింది.

కొత్త మందు చీటీ ఫ్రిజ్ తలుపుకు అయస్కాంతంతో అంటించి ఉంది. తను రేపటి నుంచి మళ్లీ ప్రయోగశాలకు వెళుతుంది.

ఫిబ్రవరి 20

అమ్మాయి వెళ్లాక నా భార్యతో అన్నాను: "మందుల షాపు ప్రయోగశాల దారిలోనే కదా. కొత్త మాత్ర అమ్మాయినే తెమ్మను."

"చెబుతాలే."

సరే.

ఫిబ్రవరి 22

మాత్రల డబ్బాలో ఆ గడి ఖాళీగా ఉంది. అమ్మాయి తన సంచిలోనే ఉంచుకుని, పొద్దున వెళ్లేముందు తానే వేస్తున్నట్టుంది. వాళ్లమ్మ పక్కన కూర్చుని ఏదో తాగించడం చూశాను. అడగవలసిన పని లేదు.

నా భార్య ఎడమచేయి ఎత్తి వంటింటి వైపు చూపింది. మంచినీళ్లు తెచ్చాను. తాగలేదు. పాలు తెచ్చాను. తల తిప్పేసింది. మళ్లీ చేయి ఎత్తింది.

"ఏమి కావాలో సరిగ్గా చెప్పు" అన్నాను. అలవాటుగా వచ్చిన మాట.

"చెబుతాలే, చెబుతాలే, చెబుతాలే" అంది.

ఫిబ్రవరి 23

వ్యాసంలో ముఖ్యభాగం చదివాను. కరిగిన జింకు క్లోరైడు గురించి. రెండు జింకు అయాన్లు; రెండూ ధనావేశాలే, రెండూ చిన్నవి, బలమైనవి, ఒకదాన్నొకటి సహించలేనివి. నడుమ ఒక క్లోరైడు అయాను. అన్నీ గోళీలైతే మూడూ ఒక గీత మీద నిలబడాలి, జింకులు రెండూ వీలైనంత ఎడంగా. కాని ప్రయోగంలో అలా కనబడదట. నడుమ ఉన్నది పక్కకు జరిగి, ఆ రెండింటి మధ్య ఎడం ఎటువైపు ఉన్నదో అటు తన మబ్బును చాపుతుంది. ఆ మబ్బు చాటున వాటికి ఒకదాని తోపు మరొకదానికి తెలియదు. గీత వంగుతుంది. అవి దగ్గరవుతాయి.

"ఆ రెండింటికీ తాము దగ్గరయ్యామనే తెలుసు. నడుమ ఉన్నది ఎంత సాగిందో వాటికి తెలియదు" అని రాసింది.

అయాన్లకు తెలియడం, తెలియకపోవడం ఉండవు. కొట్టివేశాను.

ఫిబ్రవరి 24

మళ్లీ వంటింటి వైపే చూపుతోంది. ఈసారి కచ్చితంగా ఫ్రిజ్. దాని చప్పుడు ఇబ్బందిగా ఉన్నదనుకుని వంటింటి తలుపు మూశాను. ఆమె కళ్ల నుంచి నీళ్లు కారాయి. ఇటువంటి రోగులకు కారణం లేకుండానే దుఃఖం వస్తుందని ఆసుపత్రిలో చెప్పారు.

సాయంత్రం అమ్మాయి వచ్చాక కూడా చూపింది. తను "నాన్న చూసుకుంటున్నారులే అమ్మా" అని చేయి దించి దుప్పటి కప్పింది.

అమ్మాయి దృష్టిలో నేను చూసుకుంటున్నాను. సంతోషం.

ఫిబ్రవరి 26

మళ్లీ ఆసుపత్రి.

ఫిబ్రవరి 27

రెండో దెబ్బ మొదటిదానికన్నా పెద్దదట. డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ పాత కాగితాలు తిరగేసి, "ఈ కొత్త మాత్ర చివరిసారి ఎప్పుడు వేశారు?" అని అడిగింది.

నేను అమ్మాయి వైపు చూశాను. అమ్మాయి నా వైపు చూసింది. ఒకరి ముఖం ఒకరు చూసుకుని ఎంత కాలమైందో. తన కణతల దగ్గర జుట్టు నెరిసింది. నాకు తెలియదు.

డాక్టరమ్మ మళ్లీ అడిగింది.

"వేయలేదండీ" అంది అమ్మాయి. "తెమ్మని నేను అమ్మతో చెప్పాను. నాన్నకి చెప్పలేదు. తప్పు నాదే."

డాక్టరమ్మకు అర్థం కాలేదు. మాట పడిపోయిన మనిషితో చెప్పి ఊరుకోవడం ఏమిటని అడిగింది. దానికి జవాబు మా ఇద్దరి దగ్గరే ఉంది. పరాయివారికి చెప్పగలిగినది కాదు. ఆమె నా వైపు తిరిగింది. "మీకు తెలియదా సార్?"

నేను ఏదో అన్నాను. ఏమన్నానో స్పష్టంగా గుర్తు లేదు. "తెలియదు" అని ఉండవచ్చు.

ఫిబ్రవరి 28

ఆ ఒక్క మాట కూడా లేదు.

మార్చి 2

ఈ ఉదయం. 'పోయింది' అని రాసి కొట్టివేశాను. 'మరణించింది' అని రాసి కొట్టివేశాను. 'తనువు చాలించింది' అంటే పాఠ్యపుస్తకంలా ఉంది. క్రియ లేకుండా వాక్యం పూర్తి కాదని పిల్లలకు చెప్పేవాడిని.

మార్చి 6

పరామర్శకు వచ్చేవారు వస్తున్నారు. అమ్మాయి అందరితోనూ ఒకటే చెబుతోంది. మాత్ర తేవలసింది తానట, మరిచిపోయి వాళ్లమ్మను చంపుకుందట. 'మరిచిపోవడం' నిజం కాదు. రోజు రోజుకీ తన వాక్యం పొట్టిదవుతోంది. మొన్న "అమ్మకి చెప్పి ఊరుకున్నాను" అనేది. ఈరోజు "నేనే చంపాను" అంటోంది.

టైలరు వచ్చి నా కుర్చీ పక్కన చాలాసేపు కూర్చున్నాడు. అతని వాగుడు నాకు గిట్టదు. ఈరోజు వాగలేదు.

"మాస్టారూ, పిల్ల అన్నం ముట్టడం లేదని మా ఆవిడ అంటోంది. ముద్ద నోటి దాకా వచ్చి ఆగిపోతోందంట. మీరొక్క మాట చెప్పండి. మీరు చెబితే వింటుంది."

చెబుతానన్నాను. అతను వెళ్లాక కళ్లజోడు తుడుచుకున్నాను. సంతాపం తెలపడానికి వచ్చినవారు అట్టముక్క మీద 'ఆత్మశాంతి' తప్పుగా రాసి తెచ్చారు. దిద్దబుద్ధి కాలేదు.

మార్చి 7

చెప్పవలసినదేమున్నది? తప్పెవరిదో తేల్చినంత మాత్రాన తిరిగి వచ్చేది ఏమీ లేదు. తండ్రి మౌనంగా ఉండటమే కొన్ని సందర్భాలలో ఓదార్పు.

మార్చి 9

మంచం ఇంకా తీయించలేదు. ఇటు నా కుర్చీ, అటు తన బల్ల.

నిన్న రాత్రి అన్నం వడ్డించి వచ్చి కూర్చున్నాను. "అమ్మాయిని భోజనానికి రమ్మను" అన్నాను. అలా నోటికి వచ్చేసింది. మంచం మీద మడతపెట్టిన దుప్పటి మాత్రమే ఉంది.

తను వినకుండా ఉండదు. అటు తిరిగి ఉన్న వీపు కదలలేదు. నేను కూడా మళ్లీ అనలేదు. ఇద్దరమూ జవాబు కోసం ఆగినట్టే ఆగాము. అన్నం చల్లారిపోయింది. తరువాత ఎవరు తీశారో, ఉదయానికి గిన్నెలు కడిగి బోర్లించి ఉన్నాయి.

మార్చి 11

అమ్మాయి ప్రయోగశాల వారి వసతి గృహానికి వెళ్లిపోయింది. కంప్యూటరు, రెండు సంచులు. గడప దగ్గర ఆగింది.

"నాన్నా."

ఆ పిలుపు నేరుగా నాకే. నేను లేచి నిలబడ్డాను.

"ఇక్కడ ఉంటే నాకు ఊపిరాడటం లేదు. మీ ముఖం చూడలేకపోతున్నాను. అమ్మని మీకు లేకుండా చేశాను."

అప్పుడు చెప్పవలసింది. వాక్యం గొంతు వరకు వచ్చింది. కర్త 'నేను'. అక్కడే ఆగిపోయింది.

"జాగ్రత్త" అన్నాను.

మార్చి 12

విన్నాను.

మార్చి 13

వంటింట్లో పాలు కాస్తూ ప్రతి అక్షరం విన్నాను. "పాతది ఈరోజుతో ఆపేయమన్నారమ్మా. కొత్తది రేపటి నుంచి తప్పకుండా వేయాలంట. ఒక్కరోజు కూడా ఆగకూడదంట. చీటీ ఫ్రిజ్‌కి పెడుతున్నాను. నాకు రేపు కొలిమి దగ్గర పని, పొద్దుపోతుంది. నాన్నని తెమ్మను."

అంతా విన్నాను. చీటీ మూడడుగుల దూరంలో నా కళ్ల ముందే ఉంది. పాలు పొంగకుండా దించి, గ్లాసులో పోసి, ఆ మాట నా దగ్గరకు వచ్చే వరకు ఎదురుచూశాను. ఆమె మోసుకు రావాలి. ఆమె తెస్తేనే అది నాకు చెప్పినట్టు. మంచం మీది నుంచి లేవలేని మనిషి లేచి, వంటింటి గుమ్మం దగ్గరకు వచ్చి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ "ఏమండీ, అమ్మాయి చెబుతోంది..." అనాలి.

ఆమె వచ్చింది కూడా. ఎడమచేయి ఎత్తి ఫ్రిజ్‌ని చూపినప్పుడల్లా వచ్చింది. నేను తలుపు మూశాను.

మార్చి 14

వ్యాసం కాగితాలు నా దగ్గరే ఉండిపోయాయి. కొట్టివేసిన వాక్యాల కింద చుక్కలు పెట్టాను. కొట్టివేసినా ఉంచవలసినవని వాటి అర్థం. 'లాగుతారు' కింద కూడా పెట్టాను.

మార్చి 16

బస్సులో ప్రయోగశాలకు వెళ్లాను. బస్సు కిటికీలోంచి మందుల షాపు కనిపించింది. నేను అనుకున్నట్టు దారిలో లేదు. ఎదురువైపు సందులో ఉంది. తను రోజూ దిగే స్టాపుకన్నా మా ఇంటికే దగ్గర.

గేటు దగ్గర కాపలాదారు నా పేరు, పని అడిగాడు. కూతురు లోపల పనిచేస్తుందన్నాను. ఫోనులో కనుక్కుని, "మేడం కొలిమి దగ్గరున్నారంట సార్, వదిలి రాలేరంట. ఏం చెప్పాలో నాకు చెప్పండి. నేను చెబుతాలెండి" అన్నాడు.

మంచివాడు. చెప్పేవాడే. నేను ఏమి చెప్పినా కాస్త మెత్తచేసి, నా ముఖం బాగాలేదనీ, ఎండలో వచ్చాననీ కలిపి చెప్పేవాడు.

"వద్దు బాబూ. నువ్వు చెప్పకు. నేను ఉంటాను" అన్నాను.

బల్ల చూపించాడు. కూర్చోలేదు. బస్సు ఎక్కినప్పటి నుంచి ఒక వాక్యం కూర్చుకుంటూ వచ్చాను. మూడు ఉపవాక్యాలు, చివర ఒక ప్రధాన క్రియ, ఎక్కడా పునరుక్తి లేదు. నిలబడి దాన్ని వల్లె వేసుకున్నాను.

తను వచ్చింది. చేతిలో దళసరి తొడుగులు, వేడికి కందిన ముఖం. గేటుకు అటువైపే ఆగింది.

"ఏంటి నాన్నా? ఒంట్లో బాలేదా?"

నోరు తెరిచాను. ఆ వాక్యం లేదు.

"ఆ రోజు నువ్వు అమ్మతో చెప్పింది నేను విన్నాను."

తనకు వెంటనే అందలేదు. తరువాత అందింది. ముఖంలో ఎరుపు దిగిపోవడం చూశాను.

"మాత్ర తెమ్మని నేను చెప్పిందా?"

"అంతా విన్నాను. ఒక్కరోజు కూడా ఆగకూడదన్నది కూడా."

"డాక్టరమ్మ అడిగినప్పుడు?"

"తెలియదన్నాను."

"ఇన్నాళ్లు నేను అందరితో..."

"అవునమ్మా."

గేటు చువ్వ మీద ఉన్న చేయి తీసేసింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. ఏడవలేదు. కాపలాదారు రెండు అడుగులు ముందుకు వేసి, ఏమనుకున్నాడో మళ్లీ వెనక్కి వెళ్లి తన కుర్చీలో కూర్చున్నాడు.

తను నా దగ్గరకు రాలేదు. లోపలికి వెళ్లనూ లేదు. ఒక తొడుగును రెండో తొడుగులోకి దూర్చుతూ, తీస్తూ, నేలను చూస్తూ అక్కడే నిలబడింది. నేనూ నిలబడ్డాను. మా నడుమ ఎవరూ లేరు.